ఓడ మెస్సు మార్చిన డాక్టరు: తకాకి కనెహిరో

నెలాఖరున మెస్సు లెక్క చూసుకునేటప్పుడు మన రూముల్లో ముందు కోత పడేది కూర మీదే. బియ్యం బస్తా ఎలాగూ ఉంది, పచ్చడి సీసా ఊరి నుంచి వచ్చింది, ఇంకేం కావాలి, ఈ నెల ఇంటికి ఇంకో రెండు వేలు ఎక్కువ పంపొచ్చు అనుకుంటాం. తప్పు పట్టడానికి ఈ మాట రాయడం లేదు. నేనూ ఆ లెక్క వేసినవాణ్ణే. సరిగ్గా ఇదే లెక్క వేసుకున్న ఓడ పనివాళ్లు నూట నలభై ఏళ్ల కింద జపాన్‌లో వేల మంది ఉండేవాళ్లు. వాళ్ల కాళ్లు ఎందుకు మొద్దుబారుతున్నాయో, పాతికేళ్ల కుర్రాడి గుండె ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోతోందో పట్టుకున్న మనిషి తకాకి కనెహిరో. జపాన్‌లో చాలామందికి తెలిసిన పేరు. మనకు కొత్త పేరు గానీ, ఆయన కథ మాత్రం మన కంచంలోదే.

తకాకి 1849లో జపాన్ దక్షిణాన, ఇప్పటి మియజాకి ప్రాంతంలోని ముకసా అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పేరుకి సమురాయ్ కులంవాడే గానీ చాలా కింది మెట్టు. కుటుంబం గడవడానికి వడ్రంగి పని చేసేవాడు. పిల్లవాడు చదువులో చురుకు. పదిహేడో ఏట డాక్టరీ నేర్చుకోవడానికి కగోషిమా పట్నం వెళ్లాడు. 1868లో జపాన్‌లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు వైద్యుడిగా సైన్యంతో నడిచాడు. తూటా దిగిన మనిషికి ఏం చేయాలో తాను నేర్చిన వైద్యంలో లేదని అక్కడే తెలిసింది. యుద్ధం అయ్యాక విలియం విల్లిస్ అనే బ్రిటిష్ డాక్టరు కగోషిమాలో పాఠాలు చెబుతుంటే ఆయన దగ్గర చేరి వైద్యమూ ఇంగ్లీషూ రెండూ నేర్చాడు. 1872లో నౌకాదళంలో డాక్టరుగా ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగంలో చేరగానే ఆయన కళ్లబడింది ఒకటే జబ్బు. ఆసుపత్రి పడకల్లో ఎక్కువ భాగం దానివాళ్లే. జపానువాళ్లు దాన్ని కక్కే అనేవారు, మిగతా లోకం బెరిబెరి అంటుంది. ముందు పాదాల్లో తిమ్మిరి. తర్వాత పిక్కలు పట్టుకుంటే నొప్పి, నడిస్తే కాళ్లు ఈడ్చడం. కొందరికి ఒళ్లు ఉబ్బి, కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. ఆయాసం మొదలై గుండె చేతులెత్తేస్తే రోజుల్లోనే మనిషి పోతాడు. ముసలివాళ్లకూ బలహీనులకూ వచ్చే జబ్బు కాదు ఇది. కష్టం చేసే వయసు కుర్రాళ్లకే ఎక్కువగా వచ్చేది.

ఈ జబ్బుకి అక్కడ ఇంకో పేరు కూడా ఉండేది, ఎదో జబ్బు అని. ఎదో అంటే ఇప్పటి టోక్యో. పల్లెల నుంచి రాజధానికి కొలువుకి వచ్చినవాళ్లకి ఇది పట్టుకునేది, సొంతూరు వెళ్తే దానంతట అదే తగ్గేది. పట్నం గాలి పడలేదనో, దిష్టి తగిలిందనో అనుకునేవాళ్లు. ఊళ్లో వాళ్లు తినేది సగం దంచిన బియ్యం, చిరుధాన్యాలు, బార్లీ. పట్నంలో దొరికేది తెల్లగా మెరిసే పాలిష్ బియ్యం. పల్లెటూరివాడికి తెల్లన్నం తినడం అంటే గొప్ప. నౌకాదళంలో చేరే పేదింటి కుర్రాళ్లకి ఉన్న పెద్ద ఆశల్లో అదొకటి: మూడు పూటలా కడుపునిండా తెల్లన్నం. మన ఇళ్లలోనూ ఒక తరం కింద జొన్న గటక, రాగి సంకటి తిన్నవాళ్లు పండక్కి మాత్రమే వరన్నం చూసిన రోజులున్నాయి. తెల్లన్నం మీద మోజు ఎక్కడి నుంచి వస్తుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

1875లో నౌకాదళం తకాకిని లండన్ పంపింది. సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో అయిదేళ్లు చదివి, బహుమతులు కూడా తెచ్చుకున్నాడు. అక్కడ ఆయనకి రెండు విషయాలు మనసులో పడ్డాయి. ఒకటి, ఇంగ్లండులో బెరిబెరి లేదు. రెండోది, ఇంగ్లీషు వైద్యం తీరు. రోగి పక్కన కూర్చుని ఎక్కడ ఉంటాడు, ఏం పని చేస్తాడు, ఏం తింటాడు అని ఆరా తీయడం, ఊరంతటి లెక్కలు రాసి చూడడం. జపాన్ భూసైన్యం మాత్రం జర్మనీ వైద్యం పట్టుకుంది. అక్కడ ప్రయోగశాలలు, సూక్ష్మదర్శినులు, సూక్ష్మక్రిములు. రెండూ గొప్ప విద్యలే. కానీ ఈ తేడా తర్వాత ఎన్ని ప్రాణాలు తీసిందో ముందు ముందు వస్తుంది.

1880లో తిరిగొచ్చి టోక్యో నౌకాదళ ఆసుపత్రికి పెద్ద అయ్యాడు. అయిదేళ్లలో జబ్బు తగ్గలేదు సరికదా, యుద్ధం వస్తే ఓడ నడిపే చేతులు మిగులుతాయా అన్నట్టుంది. 1882లో నౌకాదళంలో ఉన్నది 4,769 మంది. ఆ ఏడు బెరిబెరి కేసులు 1,929, పోయినవాళ్లు 51 మంది. అంటే పది మందిలో నలుగురు.

తకాకి మొదట అందరిలాగే గాలి, తడి, బట్టలు, పడక గదులు చూశాడు. ఏదీ లెక్కకు కుదరలేదు. ఒకే ఓడలో ఒకే గాలి పీల్చేవాళ్లలో కింది ఉద్యోగులకి జబ్బు వస్తోంది, ఆఫీసర్లకి చాలా అరుదు. అప్పుడు తిండి లెక్క తీశాడు. అక్కడ అసలు సంగతి బయటపడింది. నౌకాదళం అన్నంలోకి కూరానారకు సరుకు ఇవ్వకుండా డబ్బు ఇచ్చేది. నావికులు ఆ డబ్బు ఖర్చు పెట్టకుండా దాచుకునేవాళ్లు, ఇంటికి పంపేవాళ్లు. కంచంలో మిగిలింది తెల్లన్నం, కాస్త ఊరగాయ లాంటిది. ఆఫీసర్లకి జీతం ఎక్కువ, చేపలూ మాంసమూ కొనుక్కునేవారు. ఈ లెక్క చూసినప్పుడు తకాకికి ఏమనిపించిందో నాకు తెలియదు గానీ, మన క్యాంపుల్లో తిరిగిన ఎవరికైనా ఆ నావికుడి మీద కోపం రాదు. ఇంటి దగ్గర అప్పు ఉంటుంది, చెల్లి పెళ్లి ఉంటుంది.

తన అనుమానం నిజమని చూపించే అవకాశం ఒక ఘోరం రూపంలో వచ్చింది. 1882 డిసెంబరులో ర్యూజో అనే శిక్షణ ఓడ 376 మందితో బయలుదేరి న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, హవాయి చుట్టి వచ్చింది. 169 మందికి బెరిబెరి వచ్చింది. 25 మంది చనిపోయారు. పెరూ నుంచి హవాయి వచ్చే దారిలో ఓడ నడపడానికే మనుషులు చాలలేదు. హవాయిలో ఆగి, బియ్యం బదులు రొట్టె, మాంసం, కూరగాయలు ఎక్కించాక మిగిలినవాళ్లు కోలుకున్నారు.

తకాకి అదే దారిలో ఇంకో ఓడ పంపమని పట్టుబట్టాడు. అదే ప్రయాణం, అదే సముద్రం, తిండి ఒక్కటే వేరు. దీనికి ఖర్చు చాలా అవుతుంది, ఖజానావాళ్లు ఒప్పుకోరు. ఆయన మంత్రుల దగ్గరికి తిరిగాడు, చివరికి చక్రవర్తి ముందు కూడా నిలబడి విన్నవించుకున్నాడు. మెయిజి చక్రవర్తికి స్వయంగా ఈ జబ్బు ఉండేది కాబట్టి విన్నాడో, దేశం మీద దిగులుతో విన్నాడో, మొత్తానికి డబ్బు వచ్చింది. 1884 మొదట్లో కూరకి డబ్బు ఇచ్చే పద్ధతి ఆపేసి, ఓడలోనే సరుకు ఇచ్చి వండి పెట్టాలని ఏర్పాటైంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే అనిపిస్తుంది. మనిషిని బాగా తినమని చెప్పడం తేలిక. పొదుపు చేసుకునే దారి ఉన్నంతకాలం వాడు తినడు. తకాకి ఉపన్యాసం ఇవ్వలేదు, మెస్సు మార్చాడు.

త్సుకుబా అనే ఓడ 1884 ఫిబ్రవరిలో 333 మందితో బయలుదేరింది. అన్నం తగ్గించి మాంసం, చేపలు, చిక్కుళ్లు, రొట్టె, కూరగాయలు, డబ్బా పాలు పెట్టారు. 287 రోజుల తర్వాత నవంబరులో ఓడ తిరిగొచ్చింది. చనిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. జబ్బు చేసినవాళ్లు పదిహేను మంది లోపు. వాళ్లలో ఎక్కువమంది మాంసం వాసన పడక, లేదా డబ్బా పాలు ఇష్టం లేక పక్కన పెట్టేసినవాళ్లే అని విచారణలో తేలింది.

ఆ తర్వాత నౌకాదళం మొత్తానికి కొత్త తిండి. ఇక్కడ చిక్కు వచ్చింది. కుర్రాళ్లకి రొట్టె గొంతు దిగలేదు. చాలామంది సముద్రంలోకి విసిరేసేవాళ్లట. తకాకి మొండికేయలేదు. 1885లో రొట్టె బదులు బియ్యంలో బార్లీ కలిపి వండించాడు. అంతకు ముందే జపాన్ జైళ్లలో ఖైదీలకి బార్లీ అన్నం పెడితే బెరిబెరి తగ్గిందని అందరికీ కనిపించింది. బయట మంచివాడు తెల్లన్నం తిని మంచాన పడుతుంటే, లోపల దొంగ బార్లీ తిని నిలబడ్డాడు. బార్లీ చవక కూడా, ఖజానాకి బాధ లేదు. ఫలితం చూడండి. 1883లో 1,236 కేసులు, 49 చావులు. 1884లో 718 కేసులు, 8 చావులు. 1885లో 6,918 మందిలో 41 కేసులు, చావు ఒక్కటీ లేదు. 1886లో మూడే కేసులు. 1887లో సున్నా.

ఇంత స్పష్టంగా కనబడ్డాక దేశమంతా ఒప్పుకోవాలి కదా. ఒప్పుకోలేదు. టోక్యో విశ్వవిద్యాలయం, భూసైన్యం వైద్యులు ఇది క్రిమి వల్ల వచ్చే జబ్బే అన్నారు. 1885లో ఒకాయన ఆ క్రిమి దొరికిందని కూడా ప్రకటించాడు. అది తప్పని తర్వాత తేలింది. సైన్యం డాక్టరు మోరి ఒగాయ్, పెద్ద రచయిత కూడా, జర్మనీలో చదివొచ్చి మూడు రకాల తిండి పోల్చి తెల్లన్నమే శక్తినివ్వడంలో మేలని తేల్చాడు. కడుపు నింపే లెక్కలో ఆయన చెప్పింది అబద్ధం కాదు. లెక్కలోకి రానిది ఒకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

తకాకి వైపు కూడా లోపం ఉంది, అది చెప్పకపోతే న్యాయం కాదు. తిండిలో మాంసకృత్తులు తక్కువై పిండిపదార్థం ఎక్కువ కావడమే జబ్బుకి కారణం అని ఆయన నమ్మాడు. ఆ వివరణ తప్పు. బార్లీలో మాంసకృత్తులు మరీ ఎక్కువేం కావు, మరి బార్లీ ఎలా పనిచేసింది అని ఎదుటివాళ్లు అడిగితే ఆయన దగ్గర గట్టి జవాబు లేదు. మందు సరైనదే, కారణం వేరే. కారణం చెప్పలేదని మందు పారేసిన మూల్యం సైనికులు చెల్లించారు. 1894-95లో చైనాతో యుద్ధంలో శత్రువు చేతిలో పోయినవాళ్ల కన్నా బెరిబెరితో పోయిన జపాన్ సైనికులు ఎక్కువ, దాదాపు 4,000 మంది. 1904-05లో రష్యాతో యుద్ధంలో రెండున్నర లక్షల మందికి జబ్బు చేసి, దాదాపు 27,000 మంది చనిపోయారు. అదే యుద్ధంలో నౌకాదళంలో ఈ జబ్బు దాదాపు లేదు. యుద్ధం చివరికొచ్చాక గానీ సైన్యం బియ్యంలో బార్లీ కలపలేదు.

అసలు కారణం వేరే ఊళ్లో, కోళ్ల దొడ్లో దొరికింది. జావాలో ఐక్మన్ అనే డచ్చి డాక్టరు పెంచే కోళ్లకి ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెడుతుంటే వాటి కాళ్లు పడిపోయాయి. కొత్తగా వచ్చిన వంటవాడు సైన్యం అన్నం కోళ్లకి పెట్టడమేంటని ఆపి, తవుడు పోని బియ్యం పెడితే లేచి తిరిగాయి. బియ్యం గింజకి ఉండే పైపొర, మొలక ముక్కు, వీటిలో ఇప్పుడు మనం బి1 విటమిన్, లేదా థయమిన్ అనేది ఉంటుంది. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు అది తవుడులో పోతుంది. అన్నం శక్తిగా మారాలంటే ఒంటికి ఇది కావాలి. అన్నం ఎంత ఎక్కువ తింటే ఇది అంత ఎక్కువ ఖర్చవుతుంది. ఒంట్లో నిలవ ఉండేది రెండు మూడు వారాలకి సరిపడా మాత్రమే. అందుకే కష్టం చేసి పళ్లెం నిండా తినే నావికుడే ముందు పడిపోయాడు.

మలయాలో రబ్బరు తోటలకి, రైలు పనులకి మన దక్షిణాది కూలీలు వెళ్లిన కాలం కూడా అదే. వాళ్లలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. తగరం గనుల్లో చైనా కూలీలు బెరిబెరితో వేలల్లో పోతుంటే భారతీయ కూలీలకి అది చాలా తక్కువ. చైనావాళ్లు తినేది పచ్చిబియ్యం పాలిష్ పట్టినది. మనవాళ్లు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడకబెట్టి ఎండబెట్టినప్పుడు పైపొరలో ఉన్న సారం గింజ లోపలికి దిగుతుంది, తర్వాత మిల్లు పట్టినా కొంత మిగులుతుంది. 1909లో ఫ్రేజర్, స్టాంటన్ అనే డాక్టర్లు అక్కడే రోడ్డు కూలీల మీద దీన్ని రుజువు చేశారు. విచిత్రం ఏంటంటే, సొంత ఊళ్లో మన పరిస్థితి వేరు. గంజాం, విశాఖ, గోదావరి, కృష్ణా వైపు ఉత్తర సర్కారు జిల్లాల్లో మిల్లు బియ్యం తిని బెరిబెరి పాలైనవాళ్లు గత శతాబ్దం మొదటి సగంలో చాలామంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బుకి పేరుపడ్డ చోటు మన కోస్తానే.

ఇప్పుడు బెరిబెరి అరుదు. కానీ పోయిందని కాదు. రోజూ మందు తాగి సరిగా తినని మనిషికి ఇప్పటికీ వస్తుంది, ఎందుకంటే మద్యం బి1ని ఒంటికి పట్టనివ్వదు. రూములో అలాంటి అన్నో తమ్ముడో ఉంటే కాళ్ల తిమ్మిరి, ఆయాసం అన్నప్పుడు ఎండ వల్లే అని వదిలేయకండి. తిమ్మిరి మరో జబ్బుకి కూడా గుర్తు, అది షుగరు. తెల్లన్నం రోజూ బాగా ఎక్కువ తినేవాళ్లలో షుగరు వచ్చే అవకాశం ఎక్కువని ఈ కాలం పరిశోధనలు చెబుతున్నాయి. మన వాళ్లలో ముప్పై అయిదు నలభైకే షుగరు, బీపీ బయటపడడం చూస్తూనే ఉన్నాం. పాదాలు మంటలు, సూదులు గుచ్చినట్టు ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

వంటలో పెద్ద ఖర్చేమీ లేదు. బియ్యం నాలుగైదు సార్లు కడిగి, ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి, గంజి వార్చి పారబోస్తే ఉన్న కాస్త బి1 కూడా మోరీలో పోతుంది. అత్తెసరు పెట్టుకుంటే కొంత నిలుస్తుంది. కొట్లో ఉప్పుడు బియ్యం దొరుకుతుంది, కేరళవాళ్లు వాడేదే. పప్పు, శనగలు, పల్లీలు, గుడ్డు, వీటిలో ఏదో ఒకటి రోజూ పడాలి. ఒక పూట గోధుమ పొట్టు తీయని ఖుబూస్ తిన్నా మంచిదే. అయితే ఒక్కడు మారితే కుదరదు. అయిదారుగురు కలిసి మెస్సు పెట్టుకున్న చోట కూర డబ్బులు నెల మొదట్లోనే అందరి దగ్గరా తీసి పక్కన పెడితే తప్ప కోత ఆగదని నా అనుభవం. మా రూములో అలా మొదలుపెట్టినప్పుడు మొదటి రెండు నెలలు గొడవే.

తకాకి చేసింది ఈ ఒక్క పనే కాదు. లండన్‌లో సెయింట్ థామస్‌లో నైటింగేల్ నర్సుల బడి చూసి వచ్చినవాడు కాబట్టి 1885లో జపాన్‌లో మొదటి నర్సుల శిక్షణ మొదలుపెట్టాడు. 1881లో వైద్య విద్యాలయం, మరుసటి ఏడు పేదలకి ఉచితంగా చూసే ఆసుపత్రి స్థాపించాడు. అవి ఇప్పుడు టోక్యోలో జికేయి విశ్వవిద్యాలయంగా నడుస్తున్నాయి. రోగం కన్నా ముందు మనిషిని చూడాలనేది అక్కడ ఇప్పటికీ నేర్పే పాఠం. 1888లో జపాన్‌లో మొట్టమొదటి వైద్య డాక్టరేట్లు ఇచ్చినప్పుడు వాటిలో ఒకటి ఈయనకి వచ్చింది. 1905లో బారన్ బిరుదు ఇచ్చారు. జనం వెంటనే దాన్ని బార్లీ బారన్ చేసేశారు. వెక్కిరింతా ఉంది, ప్రేమా ఉంది. 1906లో తాను చదువుకున్న లండన్ ఆసుపత్రికే వెళ్లి, నౌకాదళం లెక్కలన్నీ పట్టికలతో సహా ఇంగ్లీషు డాక్టర్ల ముందు పెట్టాడు.

1920 ఏప్రిల్ 13న తకాకి చనిపోయాడు. తాను ఓడల్లోకి ఎక్కించిన బార్లీలో పనిచేసింది ఏమిటో చివరిదాకా ఆయనకి తెలియదు. ఆరేళ్ల తర్వాత, 1926లో, జావాలో ఇద్దరు శాస్త్రవేత్తలు బియ్యం తవుడు నుంచి బి1ని స్ఫటికాలుగా విడదీశారు. 1929లో ఐక్మన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత అంటార్కిటికా తీరంలో కొండకొమ్ములకి విటమిన్లు కనిపెట్టినవాళ్ల పేర్లు పెట్టినప్పుడు ఐక్మన్ పేరు పక్కన తకాకి పేరు కూడా పెట్టారు.